కాయ కొన్నప్పటి నుంచి డబ్బా నిండేదాకా: మన శనక్కాయల నూనె మనమే ఆడించుకునే పద్ధతి

అనంతపురం, కర్నూలు, కడప ఎర్రనేలల్లో శనక్కాయ ఇప్పటికీ పెద్ద పంటే. అదే ఊళ్లలో కిరాణా కొట్టుకు పోతే అరల్లో వరసగా కనిపించేది పామోలిన్, పొద్దుతిరుగుడు నూనె. కాయ పండించిన రైతు కూడా కాయలన్నీ మార్కెట్ యార్డుకు తోలేసి, ఇంటికి పామోలిన్ ప్యాకెట్ తెచ్చుకుంటున్నాడు. ఇది మారాలంటే పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. కాయ ఎక్కడ కొనాలి, ఎంత కొనాలి, ఎలా ఆడించాలి, లెక్క ఎక్కడ తేడా కొడుతుంది అన్నవి తెలిస్తే చాలు.

ముందు ప్యాకెట్ సంగతి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి దిగుతుంది. ముడినూనె ఓడల్లో కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవులకు వచ్చి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధయి, ప్యాకెట్లలోకి ఎక్కుతుంది. అందుకే ప్యాకెట్ మీద ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్నంత మాత్రాన లోపలి నూనె ఇక్కడి గింజదని అనుకోకూడదు. శుద్ధి ఇక్కడ జరిగితే తయారీ చిరునామా ఇక్కడిదే పడుతుంది, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. గోదావరి జిల్లాల్లో మన రైతులే ఆయిల్‌పామ్ సాగు చేస్తున్నారు కాబట్టి పామాయిలంతా విదేశీ సరుకని అనడమూ తప్పే. ప్యాకెట్ చూసి ఏది ఎక్కడిదో చెప్పలేం, అదే అసలు చిక్కు.

ఎప్పుడూ ఇలా లేదు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలయ్యాక, 1990ల మొదట్లో దేశం వంటనూనెలో దాదాపు తన కాళ్ల మీద నిలబడింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు, ఆ దశాబ్దం తిరక్కముందే సుంకాలు బాగా దించేశారు. అప్పటి నుంచి మన కాయ ధర మన వానల మీద కంటే రేవులో దిగే నూనె ధర మీద ఎక్కువ ఆధారపడుతోంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైతే పొద్దుతిరుగుడు నూనె, ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఇండోనేషియా ఎగుమతులు ఆపితే పామాయిల్, రెండూ మన కొట్లలో మండిపోయాయి. మన చేలల్లో ఏ మార్పూ లేదు. ఆదోని చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా వేసిన పొద్దుతిరుగుడు నిలిచి ఉంటే ఆ దెబ్బ ఇంత గట్టిగా తగిలేది కాదు.

ఎంత కావాలి

జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం మనిషికి రోజుకు నూనె, నెయ్యి కలిపి 20 నుంచి 30 గ్రాములు చాలు. 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు, అంటే 3.3 లీటర్లు. మూడు నెలలకు పది లీటర్లు. అంతకు మించి ఒకేసారి ఆడించొద్దు. శుద్ధి చేయని నూనె మూడు నెలలు దాటాక కమటు వాసన పట్టడం మొదలవుతుంది, మన ఎండాకాలంలో ఇంకా ముందే.

పది లీటర్ల నూనెకు మంచి గింజలు 24 కిలోలు కావాలి. ఆ 24 కిలోలు రావాలంటే కాయలు 36 కిలోలు. ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతా లెక్కలన్నీ వాటి నుంచే వస్తాయి.

కాయ కొనడం

వానాకాలం పంట అక్టోబరు, నవంబరులో పీకుతారు. బోర్ల కింద వేసిన యాసంగి పంట మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. రెండుసార్లూ కాయ బాగా ఆరిన పది, పదిహేను రోజులకు కొనడం మేలు. మొదటి వారంలో ధర తక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ కాయలో తడి ఉంటుంది. నూటికి ఆరేడు కిలోలు నీళ్లకే డబ్బు కట్టినట్టవుతుంది.

యార్డులో ఒక్క మూట కొనడం ఇంటివాళ్లకు కుదిరే పని కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు యార్డుల్లో వ్యాపారం లాట్ల మీద నడుస్తుంది. అక్కడికి పోయి ఆరోజు ధర కనుక్కోవడం మాత్రం మంచిది. తెలిసిన రైతు దగ్గర కొంటే ఆ ధరకే కొనొచ్చు. రైతుకు కమీషను, హమాలీ, బండి బాడుగ మిగులుతాయి. యార్డు ధర కనీస మద్దతు ధర కంటే కింద ఉంటే మద్దతు ధరే ఇవ్వండి. 2025-26కు అది క్వింటాలుకు 7,263 రూపాయలు, అంటే కిలో కాయకు 72 రూపాయల 63 పైసలు. నాలుగు రూపాయలు తగ్గించి కొంటే మీకు లీటరుకు మిగిలేది పదిహేను రూపాయల లోపే. ఆ రైతే మళ్లీ ఏడాది మీకోసం మంచి కాయ పక్కన పెట్టాలి.

మూట ఎంత తూగుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి, మూటల లెక్కన కొనకుండా తూకం మీద కొనాలి. ఊరికో మూట, కొలతకో మూట.

కాయ చూసే తీరు ఇది. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. మోగకపోతే తడైనా ఉంది, లేకపోతే గింజ పూర్తిగా నిండి పొట్టుకు అంటుకుని ఉంది. ఏదో తేల్చుకోవడానికి ఒలిచి పంటికింద పెట్టండి: ఆరిన గింజ పుటుక్కున విరుగుతుంది, తడి గింజ నలిగి మెత్తగా సాగుతుంది. తర్వాత మూట పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి కిలో కాయలు తీసి ఒలిపించి గింజ తూచండి. 700 గ్రాములు వస్తే మంచి కాయ. 650 కి తగ్గితే ధర తగ్గించి అడగాలి. 600 దగ్గర ఉంటే అది నూనెకు పనికిరాదు, ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. వాన ముఖం చాటేసిన ఏడాదిలో ఊడలు నేలలోకి దిగినా గింజ నిండదు, అప్పుడే ఈ తాలు ఎక్కువగా వస్తుంది.

రకం గురించి పట్టింపు పెద్దగా అక్కర్లేదు. టీఎంవీ 2 అయినా, కదిరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కదిరి 6 అయినా గింజలో నూనె 46 నుంచి 50 శాతం మధ్యే ఉంటుంది. గింజ నిండిందా లేదా అన్నదే ముఖ్యం.

ఒక హెచ్చరిక. విత్తనానికి తెచ్చి మిగిలిపోయిన గింజల్ని గానుగకు పట్టుకుపోకండి. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలకు ఎర్రటి, గులాబీ రంగు పూత ఉంటుంది. కడిగినా, ఎండబెట్టినా ఆ మందు పోదు.

ఒలిపించడం, ఏరడం

ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది దీన్నే ఎగరగొడతారు.

శనక్కాయకు పట్టే పచ్చ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయానికి చేటు చేసే విషం అది. పంట చివరి నాలుగైదు వారాల్లో బెట్ట వచ్చి నేల కాగిపోతే, బూజు కాయ నేలలో ఉండగానే లోపలికి దూరుతుంది. ఆ చివరి బెట్ట మన జిల్లాలకు కొత్త కాదు. పీకాక వాన తగిలినా, తడి మీద కుప్ప వేసినా, పురుగు కాయకు బొక్క పెట్టినా అదే జరుగుతుంది. పెద్ద రిఫైనరీల్లో క్షారంతో శుద్ధి చేసి, రంగు తీసే దశల్లో ఈ విషం దాదాపు పోతుంది. గానుగలో ఆ దశలేవీ లేవు. గింజలోని విషంలో ఎక్కువ భాగం చెక్కలోకి, అంటే నూనె పిండాక మిగిలే పిప్పిలోకి పోయినా, కొంత నూనెలోకి వస్తుంది. పోపు వేడికి, వేపుడు వేడికి అది నశించదు. అంచేత గానుగ నూనె మంచిదా కాదా అన్నది గానుగ చెప్పదు, గింజలు ఏరిన చెయ్యి చెబుతుంది.

కాయల్ని కాయలుగానే దాచండి, పొట్టే దానికి రక్ష. ఆడించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఒలిపించాలి. ఒలిచే మిషను దగ్గర గింజ పగలకుండా ఉండాలని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ పని చేయనివ్వకండి. తడిసిన కాయ మూటలో ఒక్క రాత్రి ఉంటే బూజుకు అంతకన్నా ఏం కావాలి. నాలుగు గింజలు పగిలినా పరవాలేదు, పొడిగానే ఒలవమని చెప్పండి.

తెచ్చిన గింజల్ని చాటలో చెరిగి, తెల్లగుడ్డ మీద పలచగా పోసి పగటి వెలుతురులో ఏరండి. తీసేయాల్సినవి: పచ్చగా, నల్లగా, ఊదారంగుకు తిరిగినవి, ముడుచుకుపోయిన నొక్కు గింజలు, మొలకెత్తినవి, పురుగు తొలిచినవి, పొర ఊడి లోపల పసుపుపచ్చగా మారినవి. బద్దలైన గింజ లోపల తెల్లగా ఉంటే ఉంచుకోవచ్చు. చేదు అనిపించిన గింజ ఒకటి నోట పడితే ఆ కుప్పంతా మళ్లీ చూడండి. మంచి లాటులో నూటికి మూడు నాలుగు కిలోలు ఏరివేత పోతుంది. పది కిలోలు పోతుంటే ఆ లాటు మొత్తం మీద నమ్మకం పెట్టుకోవద్దు. కంటికి శుభ్రంగా కనిపించే గింజల్లోనూ విషం ఉండే వీలుంది, అలాంటి లాటులో అది మరీ ఎక్కువ.

ఏరి పారేసినవి గొడ్లకు వేయకూడదు. పాడి గేదె తింటే ఆ విషం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. గుంట తీసి పూడ్చేయండి.

ఏరిన గింజల్ని ఒక పూట ఎండలో ఆరబోసి, చల్లారాక సంచికెత్తండి.

గానుగ దగ్గర

మన పట్టణాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మోటారుతో తిరిగే చెక్క గానుగ: కొయ్య రోలు, కొయ్య రోకలి, నిదానంగా తిరుగుతుంది. రెండోది ఎక్స్‌పెల్లర్: ఇనుప మరతో గింజను నొక్కి పిండుతుంది, వేడెక్కుతుంది, ఎక్కువ నూనె తీస్తుంది. చెక్క గానుగ చెక్కలో నూటికి పది పన్నెండు పాళ్లు నూనె మిగిలిపోతే, ఎక్స్‌పెల్లర్ చెక్కలో ఏడెనిమిది పాళ్లే ఉంటుంది. ఎక్స్‌పెల్లర్ నూనె చెడ్డదని ప్రచారం చేసేవాళ్లున్నారు. అది సరికాదు. శుభ్రమైన గింజ ఎక్స్‌పెల్లర్‌లో ఆడించి వడపోసిన నూనె, బూజు గింజ చెక్క గానుగలో ఆడించిన నూనె కంటే వంద రెట్లు మేలు. గానుగ దూరమైతే దగ్గరి మిల్లుకే పోండి. రైతు మీ ఊరివాడు, మిల్లు మీ ఊరిది, అదీ మన సరుకే.

పోయేముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: మీ గానుగలో ఆముదాలు, కానుగ గింజలు, వేప గింజలు ఆడతారా? ఆడతామంటే అక్కడికి పోవద్దు. కడిగాంలే అన్నా కొయ్య పీల్చుకున్నది పోదు. వంటనూనెలో ఆముదం చుక్క కూడా ఉండకూడదు. కుసుమలు, నువ్వులు, కొబ్బరి ఆడే గానుగ అయితే పరవాలేదు. ఉదయం మొదటి వాయికే మీ గింజలు వేయమని ముందుగా చెప్పి ఉంచండి. ముందు రోజు మిగిలిన మడ్డి రోలు అడుగున పులిసి ఉంటుంది. దాన్ని గీకి, మీ గింజలే అరకిలో వేసి తిప్పి, ఆ పిండి తీసి పడేయించండి.

24 కిలోలను గానుగ పట్టును బట్టి రెండు వాయిలుగా వేస్తారు. వాయికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అంతసేపూ అక్కడే ఉండాలి. అనుమానంతో కాదు, రెండు విషయాలు మీ కళ్లతో చూడాలి కాబట్టి.

మొదటిది నీళ్లు. గింజ పిండై నూనె విడవడానికి మధ్యలో కొంచెం గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తారు, అది పాత పద్ధతే. పది కిలోలకు పావులీటరు లోపు చాలు. నూనె తొందరగా దిగాలని చెంబులకు చెంబులు పోస్తే ఆ తడి నూనెలోనే ఉండిపోతుంది. నెల తిరక్కుండా కమటు వాసన, పోపులో చిటపటలు, అన్నీ దాని ఫలితమే.

రెండోది వేడి. దిగుతున్న నూనె గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి పెడితే ఓర్చుకోగలగాలి. చుర్రుమంటే రోకలి బిగువు ఎక్కువైంది, వదులు చేయించాలి. పొగ వాసన వస్తే ఆపించి చూడండి.

అయిపోయాక నూనె, చెక్క రెండూ తూకం వేయించండి. 24 కిలోల గింజకు నూనె తొమ్మిది కిలోలు అటూ ఇటూ, చెక్క 13 నుంచి 14 కిలోలు రావాలి. మిగిలింది తడి, మడ్డి, రోలుకు అంటుకున్నది. నూనె ఎనిమిది కిలోలే వచ్చి చెక్క పదిహేను దాటితే వాయి పూర్తిగా ఆడకుండా ఆపేశారు. చెక్కను గుప్పిట్లో పిసికితే జిడ్డు కారకూడదు. కారుతుంటే ఇంకో పది నిమిషాలు తిప్పమనండి. కొన్నిచోట్ల కూలి బదులు చెక్క ఉంచుకుంటారు. అలాంటిచోట చెక్కలో నూనె మిగిల్చే ఆశ ఉంటుంది, కూలి డబ్బుగా ఇచ్చి చెక్క మీరే తెచ్చుకోవడం లాభం.

తేర్చడం

ఇంటికి తెచ్చిన నూనె మసకగా ఉంటుంది. వెడల్పు స్టీలు గిన్నెలో పోసి, పలుచటి గుడ్డ కట్టి, ఒక పూట ఎండలో పెడితే మిగిలిన తడి పోతుంది. ఆ తర్వాత నీడలో నాలుగైదు రోజులు కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు దిగుతుంది. పైనూనె నెమ్మదిగా వంచుకుని, రెండు మడతల నూలు గుడ్డలో వడకట్టండి. పది లీటర్లకు అరలీటరు దాకా మడ్డి పోవచ్చు.

తడి పోయిందో లేదో చూడాలంటే చిన్న మూకుడులో రెండు చెంచాలు పోసి సన్నని సెగ మీద పెట్టండి. చిటపటమంటే ఇంకా నీళ్లున్నాయి, ఇంకో పూట ఎండ చూపాలి. నిశ్శబ్దంగా కాగితే డబ్బాల్లో పోసుకోవచ్చు.

డబ్బా స్టీలుదో, గాజుదో కావాలి. రాగి, ఇత్తడి పాత్రలు నూనెను త్వరగా పాడు చేస్తాయి. అంచుదాకా నింపి మూత బిగించి చీకట్లో పెట్టండి, సగం ఖాళీ డబ్బాలో గాలి చేరి కమటెక్కుతుంది. అందుకే పది లీటర్ల డబ్బా ఒకటి కంటే రెండు లీటర్లవి అయిదు మేలు. పాత నూనె అడుగున ఉండగా కొత్తది పోయడం మన ఇళ్లలో మామూలు. ఆ పాత గుక్కెడు కొత్త నూనె మొత్తాన్నీ పాడు చేస్తుంది. డబ్బా కడిగి, ఎండబెట్టి, ఆ తర్వాతే నింపాలి.

లీటరు ఎంత పడింది

మద్దతు ధరకు 36 కిలోల కాయలు: 2,615 రూపాయలు. ఒలుపుడు కూలి కిలోకు రెండు రూపాయలు అనుకుంటే 72. గానుగ కూలి కిలో గింజకు 12 అనుకుంటే 288. మొత్తం 2,975. చెక్క 13 కిలోలు, కిలో 35 చొప్పున అమ్మితే 455 వెనక్కి వస్తుంది. మిగిలిన 2,520 రూపాయలను పది లీటర్లకు పంచితే లీటరు 252. మడ్డి పోగా తొమ్మిదిన్నర లీటర్లే మిగిలితే 265. కూలి రేట్లు, చెక్క ధర ఊరికో తీరుగా ఉంటాయి, మీవి వేసుకుని చూడండి.

ఇది పామోలిన్ కంటే ఖరీదే. నలుగురి ఇంట్లో నెలకు కొన్ని వందల తేడా వస్తుంది, దాన్ని దాచిపెట్టి చెప్పడం న్యాయం కాదు. అందరికీ ఒకేసారి కుదరకపోతే సగం మార్చండి: పోపులు, కూరలు, ఉగ్గాని, పచ్చళ్లు, కారప్పొళ్లలోకి మన నూనె, పండగల పిండివంటలకు మాత్రం కొన్న నూనె. నూనె వాడకం కొంచెం తగ్గినా లెక్క దగ్గరపడుతుంది. గానుగ నూనెకు రుచీ వాసనా ఎక్కువ కాబట్టి మూడు చెంచాల చోట రెండు సరిపోతాయి. పామోలిన్‌లో సంతృప్త కొవ్వు నూటికి నలభై పైన, శనగనూనెలో ఇరవై లోపే ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

సుంకం మారినప్పుడల్లా ఈ తేడా పెరుగుతుంది, తరుగుతుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద కస్టమ్స్ సుంకం 20 శాతానికి పెంచారు, 2025 మే నెలాఖరులో 10 కి దించారు. సుంకం మన చేతిలో లేదు. రైతుతో కాయ ధర ముందే మాట్లాడి పెట్టుకోవడం మన చేతిలోదే.

ఆడించే తీరిక లేక కొనేవాళ్లకు

పై లెక్కనే తిరగేయండి. గింజ ధర ఎంత ఉందో కనుక్కుని దాన్ని 2.4 తో గుణించండి. ఆడించే కూలి కలిపి, చెక్క మీద వచ్చే నలభై యాభై తీసేయండి. గింజ కిలో 110 ఉన్న రోజున స్వచ్ఛమైన గానుగ నూనె లీటరు అమ్మేవాడికే 245 దాకా పడుతుంది. అదే రోజు బోర్డు మీద 180 అని రాసి ఉంటే అందులో వేరే నూనె కలిసిందనే అర్థం. ధరే మొదటి పరీక్ష, డబ్బు ఖర్చు లేని పరీక్ష కూడా. అయితే ధర ఎక్కువ ఉన్నంత మాత్రాన కల్తీ లేదని కాదు.

వాసన ఒక్కదాన్నే నమ్మకండి. పచ్చి శనక్కాయ వాసన సన్నగా రావాలి. మూత తీయగానే గుప్పుమని వేపిన వాసన కొడితే గింజ వేపి ఆడించినా కావచ్చు, ఎసెన్సు కలిపినా కావచ్చు.

చలి పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. పామోలిన్ రకాన్ని బట్టి 10 నుంచి 18 డిగ్రీల మధ్య మసకబారి తెల్లగా పేరుకోవడం మొదలవుతుంది. శనగనూనె అంతకన్నా చాలా చల్లగా ఉంటేనే అలా అవుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వంటింట్లో సీసా అడుగున తెల్లటి పేరుకు కనిపిస్తే అనుమానించాలి. ఫ్రిజ్‌లో పెట్టి చూడమనే సలహా మాత్రం వృథా, అక్కడ శనగనూనె కూడా గడ్డకడుతుంది. ఇంతకన్నా నమ్మదగింది ల్యాబులో చేసే బెల్లియర్ పరీక్ష. నూనెను రసాయనాలతో మార్చి, ఆ ద్రావణం చల్లారుతూ ఎన్ని డిగ్రీల దగ్గర మసకబారుతుందో చూస్తారు: స్వచ్ఛమైన శనగనూనెకు ఆ అంకె 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి.

ప్యాకెట్ అయితే ముందువైపు శనక్కాయల బొమ్మ చూడకుండా, వెనక పదార్థాల వరస చదవండి. మల్టీ సోర్స్ లేదా బ్లెండెడ్ అని ఉంటే ఏ నూనె ఎంత శాతమో అక్కడే రాసి ఉండాలి. కొలెస్టరాల్ లేదు అన్న మాటకు విలువ లేదు, ఏ మొక్క నూనెలోనూ అది ఉండదు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారీ తేదీ, చిరునామా లేని సీసాలు కొనొద్దు.

డబ్బా కొనేటప్పుడు 15 కిలోలా, 15 లీటర్లా అని అడగండి. లీటరు నూనె 910 గ్రాములే. 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13 కిలోల 650 గ్రాములు. రెండిటి మధ్య లీటరున్నర తేడా, ఇవాళ్టి ధరల్లో మూడొందల పైమాటే. ప్యాకెట్ మీద ఘనపరిమాణంతో పాటు బరువు కూడా ముద్రించాలన్న నిబంధన ఉంది.

కల్తీ అని గట్టి అనుమానం ఉంటే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లే రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది: పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. బిల్లు తీసుకోండి. కల్తీ తేలితే కట్టిన రుసుము వెనక్కి ఇస్తారు, చర్య అధికారులు తీసుకుంటారు.

వంటలో

శుద్ధి చేయని శనగనూనె 160 డిగ్రీల దగ్గరే పొగ లేస్తుంది. రిఫైన్డ్ నూనె 230 దాకా ఓర్చుకుంటుంది. బజ్జీలు, బూరెలు వేగడానికి 170 నుంచి 180 కావాలి. అందుకే గానుగ నూనెలో వేపుళ్లు చేస్తే పొగ, పైగా నురగ. నురగకు కారణం నూనెలో మిగిలిన జిగురు పదార్థాలు, కల్తీ కాదు. తప్పనిసరైతే బాగా తేరిన పైనూనె వాడి, బాణలిలో సగానికి మించి పోయకుండా, మధ్య సెగ మీద కొద్దికొద్దిగా వేపండి. ఆ నూనె మళ్లీ వేపుడుకు వాడొద్దు, రెండు రోజుల్లో పోపులకు వాడేయండి.

చెక్క

గానుగ చెక్కలో మాంసకృత్తులు 40 శాతం పైన ఉంటాయి, నూనె కూడా మిగిలి ఉంటుంది. పాడి గేదెకు రోజుకు అరకిలో నుంచి కిలో దాకా, రెండు గంటలు నానబెట్టి తవుడుతో కలిపి పెట్టొచ్చు. నూనె ఎక్కువ ఉన్నందువల్లే ఎక్స్‌పెల్లర్ చెక్కంత కాలం నిలవదు: ఎండాకాలం నెల రోజులకు కమటెక్కుతుంది, వానాకాలం తేమ తగిలితే వారంలో బూజు పడుతుంది. గొడ్లు లేని ఇంటివాళ్లు గానుగ దగ్గరే, తూకం వేయించిన వెంటనే అమ్మేయడం మంచిది. ఇంటికి తెచ్చుకుంటే గోనెసంచిలో, నేలకు ఆనకుండా చెక్క బల్ల మీద పెట్టి, వారానికోసారి చెయ్యి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే అదే రోజు ఎండలో పరవాలి.